ప్లేయర్ లినక్స్‌కు కనిపించడం లేదా? ఫార్మాట్ చేసే ముందు ఇవి చూడండి

మ్యూజిక్ ప్లేయర్‌ను కంప్యూటర్‌కు తగిలించారు, ఫైల్ మేనేజర్‌లో ఏమీ రాలేదు. దయచేసి వెంటనే రీసెట్ చేయకండి, మెమరీ కార్డును ఫార్మాట్ చేయకండి. ఏళ్లుగా పోగుచేసుకున్న పాటలన్నీ అలా తుడిచేసుకున్నాక నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. కేబుల్ మార్చి ఉంటే సరిపోయేది.

ఛార్జ్ అవుతోంది, ఎల్ఎస్‌యూఎస్‌బీ జాబితాలో పేరు లేదు

ఎల్ఎస్‌యూఎస్‌బీ అంటే తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్. అందులో ప్లేయర్ పేరు లేకపోతే ముందు అనుమానించాల్సింది కేబులే. చౌక కేబుళ్లలో చాలావాటికి కరెంటు తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఛార్జ్ అవుతోంది కాబట్టి కేబుల్ బాగుందనుకోవడం దగ్గరే అందరూ పొరబడతారు. ఫోనులోంచి ఫోటోలు దించుకునే కేబుల్ తెచ్చి, మధ్యలో హబ్ లేకుండా నేరుగా పోర్టులో పెట్టండి. సిస్టమ్ సందేశాలు చూపే కమాండ్ డీమెసేజ్‌లో ఎర్రర్ -71 పదే పదే వస్తున్నా ముందు అనుమానించవలసింది కేబుల్‌నూ పోర్టునే.

జాబితాలో పేరుంది, ఎల్ఎస్‌బీఎల్‌కేలో డిస్కు లేదు

ఎల్ఎస్‌బీఎల్‌కే అంటే డిస్కుల జాబితా చూపే కమాండ్. అందులో లేకపోతే ప్లేయర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ మోడ్ చూడండి. ఎంటీపీలో (ఫైళ్లను మాత్రమే పంపించుకునే మోడ్) ఉంటే అది డిస్కుగా ఎప్పటికీ కనిపించదు. ప్లేయర్‌ను పెన్‌డ్రైవ్‌లా డిస్కుగా చూపే ఎంఎస్‌సీకి మార్చి మళ్లీ తగిలించండి. ఎంటీపీయే కావాలంటే ఆర్చ్‌లో (లినక్స్‌లో ఒక రకం) జీవీఎఫ్ఎస్-ఎంటీపీ ప్యాకేజీ వేసుకోండి.

మోడ్ ఎంఎస్‌సీలోనే ఉన్నా డిస్కు రాకపోతే అసలు చిక్కు మొదలవుతుంది. మా అమ్మ ప్లేయర్‌లో కీర్తనలు ఎక్కించడానికి కూర్చుని, దీనివల్ల ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. మూడు కేబుళ్లు మార్చాను. మౌసు, కీబోర్డు చక్కగా పనిచేస్తుండడంతో తప్పు కంప్యూటర్‌ది కాదనుకున్నాను. అదే ప్లేయర్ పాత ల్యాప్‌టాప్‌లో పెట్టగానే తెరుచుకుంది. అప్పుడు డీమెసేజ్‌ను వరుస వరుసగా చదివాను. కొత్త హై-స్పీడ్ పరికరం వచ్చిందన్న వరుస ఉంది, తయారీదారు పేరుంది, సీరియల్ నంబరుంది. దాని కింద యూఎస్‌బీ-స్టోరేజ్ అన్న మాటతో రావలసిన వరుస మాత్రం లేదు.

ఆ ఉదయం అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వచ్చింది, నేను రీస్టార్ట్ చేయలేదు. నడుస్తున్నది పాత కెర్నెలే, కానీ డిస్కు మీద దాని మాడ్యూళ్ల (పరికరాలను నడపడానికి కెర్నెల్ అవసరమైనప్పుడు తెచ్చుకునే భాగాలు) ఫోల్డర్ అప్‌డేట్‌తోపాటే తొలగిపోయింది. మౌసు, కీబోర్డుల మాడ్యూళ్లు కంప్యూటర్ మొదలైనప్పుడే మెమరీలోకి వచ్చేశాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. యూఎస్‌బీ-స్టోరేజ్ అలా కాదు, మొదటి డిస్కు తగిలించినప్పుడే కంప్యూటర్ దాన్ని వెతుకుతుంది. వెతికిన చోట అది లేదు. హెచ్చరిక కూడా ఏమీ రాదు. అప్‌డేట్‌కు ముందే ఒక పెన్‌డ్రైవ్ వాడి ఉంటే ఆ మాడ్యూల్ అప్పటికే మెమరీలో ఉంటుంది, సమస్యే రాదు. నిన్న పనిచేసింది ఈరోజు మొరాయిస్తే జనం ప్లేయర్‌నే తప్పుపట్టేది ఇందుకే.

తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. టెర్మినల్‌లో యూనేమ్ -ఆర్ అని కొడితే నడుస్తున్న కెర్నెల్ సంఖ్య వస్తుంది. లిబ్ కింద ఉన్న మాడ్యూల్స్ ఫోల్డర్‌లో అదే సంఖ్యతో ఒక ఫోల్డర్ ఉండాలి. లేకపోతే కారణం దొరికినట్టే. రీస్టార్ట్ చేయండి, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఇది ఎక్కువగా ఆర్చ్ వాడేవాళ్లకు ఎదురవుతుంది. డెబియన్, ఉబుంటు పాత కెర్నెల్‌ను పక్కన ఉంచుతాయి కాబట్టి అక్కడ అరుదు.

డిస్కు కనిపిస్తుంది, తెరవబోతే ఫైల్‌సిస్టమ్ తెలియదంటుంది

64 జీబీ, అంతకు మించిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్‌సిస్టమ్‌తో (కార్డులో ఫైళ్లను అమర్చే పద్ధతి) వస్తాయి. కెర్నెల్ 5.4 కంటే పాతదైతే ఎక్స్‌ఫ్యాట్ కోసం వేరే ప్యాకేజీ కావాలి. కొత్తదే అయి ఉండి కూడా తెరుచుకోకపోతే పైన చెప్పిన మాడ్యూళ్ల ఫోల్డర్ సంగతే మళ్లీ చూడండి, ఎక్స్‌ఫ్యాట్ కూడా మాడ్యూలే.

మిగిలినవి అరుదు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే అరగంట ఛార్జ్ చేసి చూడండి. పోర్టులో దుమ్ము ఉంటే తీయండి. యూడెవ్ (తగిలించిన పరికరాలను చూసుకునే లినక్స్ భాగం) నియమాలు తిరగరాయమని ఎవరైనా సలహా ఇస్తే, పైవన్నీ చూసేదాకా వాటి జోలికి వెళ్లకండి.