పాత హోండా సీబీ750 స్టార్టర్ క్లచ్ విప్పే ముందు

స్టార్టర్ బటన్ నొక్కగానే మోటారు జుయ్‌మని తిరుగుతుంది, ఇంజన్ మాత్రం ఉలకదు పలకదు. 1969లో విడుదలైన హోండా సీబీ750లోనూ ఆ తరవాతి కొన్నేళ్లలో వచ్చిన దాని రూపాల్లోనూ ఈ లక్షణం కనబడితే, అనుమానించవలసింది ఇంజన్ ఎడమ పక్కన ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే యంత్రం) రోటర్, అంటే దానిలో తిరిగే భాగం, వెనక దాగి ఉండే స్టార్టర్ క్లచ్‌ను. ఈ బళ్లు అమెరికాలో విరివిగా అమ్ముడయ్యాయి కాబట్టి అక్కడ స్థిరపడిన మనవాళ్లలో పాత బళ్ల మీద మోజున్నవారికి ఇవి దొరకడం కష్టం కాదు. చలికాలమంతా షెడ్డులో పడుకున్న బండిని మార్చిలో లేపబోయినప్పుడే ఈ జబ్బు బయటపడుతూ ఉంటుంది. మరమ్మతు పెద్ద విద్యేమీ కాదు గాని, తొందరపడితే వందల రూపాయల స్ప్రింగు కోసం ఇంజన్ ప్రధాన ఇరుసైన వేల రూపాయల క్రాంక్ షాఫ్ట్‌ను పాడుచేసుకునే పని.

ముందుగా దాని పనితీరు మనసులో ఉంచుకోవాలి. రోటర్ వీపుకు మూడు స్క్రూలతో బిగించిన ఒక గుండ్రటి హౌసింగులో మూడు గూళ్లు ఉంటాయి. ఒక్కొక్క గూడు ఒక చివర వెడల్పుగా, మరో చివర ఇరుకుగా ఉంటుంది. ఒక్కొక్క దానిలో ఒక ఉక్కు రోలర్, దానిని ఇరుకు వైపు నెట్టే చిన్న ప్లంజర్, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. స్టార్టర్ గేరు బొడ్డు మధ్యలో తిరిగినప్పుడు రోలర్లు ఇరుకులోకి జారి, తలుపు కింద దూర్చిన చెక్క ముక్కలాగా బిగుసుకుని క్రాంక్‌ను తమతో తిప్పుతాయి. ఇంజన్ అందుకుని వేగం పుంజుకోగానే రోలర్లు వెడల్పు వైపు వెనక్కి తగ్గి గేరును వదిలేస్తాయి. సైకిల్ ఫ్రీవీలు చేసే పని లాంటిదే ఇదీ. స్ప్రింగు నీరసించినా, రోలర్ ఒక పక్క అరిగి చదునైనా, గూటి వాలులో గాడి పడినా, గేరు బొడ్డు మీద చారలు పడినా ఆ పట్టు దొరకదు.

కవర్ విప్పక ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బటన్ నొక్కినప్పుడు టిక్కుమనే శబ్దం ఒక్కటే వస్తే తప్పు క్లచ్‌ది కాదు. బ్యాటరీనో, మోటారుకు కరెంటు పంపే స్విచ్ అయిన సోలనాయిడ్‌నో చూడాలి. మోటారు మూలుగుతూ నెమ్మదిగా తిరిగి, దీపం కూడా మసకబారితే అదీ బ్యాటరీ సంగతే. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ మీద ఏ భారమూ లేనప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. బటన్ నొక్కి ఉంచినప్పుడు 9.6 కంటే కిందికి దిగిపోతే దానిని నమ్మకూడదు. కిక్ కొడితే బండి మామూలుగా అందుకుంటూ, బటన్‌కు మాత్రం మోటారు ఒక్కటే గిర్రున తిరుగుతూ ఉంటే, అప్పుడు క్లచ్ జారుతోందని దాదాపు నిర్ధారించుకోవచ్చు.

ఆయిల్ సంగతి కూడా అప్పుడే చూడాలి. కార్ల కోసం తయారైన, ఘర్షణ తగ్గించే రసాయనాలు కలిపిన ఆయిల్ పోసినా, సీసాల్లో అమ్మే 'జారుడు' మందులు కలిపినా, చలికి చిక్కబడిన పాత ఆయిల్ మిగిలి ఉన్నా రోలర్లు జారుతాయి. డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అనే జపాన్ ప్రమాణం గుర్తున్న మోటారు సైకిల్ ఆయిల్ సుమారు మూడున్నర లీటర్లు పోసి, నాలుగు రోజులు నడిపి చూడటం అన్నిటికంటే చవకైన వైద్యం. అన్ని సార్లూ అది పని చేయదు. చేసిన రోజు మాత్రం ఒక ఆదివారం మిగులుతుంది.

కొత్త రోలర్లు వేసి నెల తిరగక ముందే మళ్లీ జారుతోందంటే ఇంజన్ వెనక్కి తన్నుతోందేమో చూడాలి. బ్యాటరీ నీరసించి ఇంజన్ మెల్లగా తిరిగినప్పుడు, లేదా ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగి ఉన్నప్పుడు, పిస్టన్ పైకి చేరక ముందే మంట అంటుకుని క్రాంక్‌ను ఎదురు దిశలో విసిరికొడుతుంది. ఆ దెబ్బంతా బిగుసుకుని ఉన్న ఆ మూడు రోలర్ల మీదే పడుతుంది. కాబట్టి ఇగ్నిషన్ పాయింట్ల (నిప్పురవ్వను రప్పించే స్విచ్) సందు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో, వేగాన్ని బట్టి టైమింగ్ మార్చే అడ్వాన్సర్ బరువులు తుప్పుకు పట్టుకుపోకుండా స్ప్రింగు బలానికి వెనక్కి వస్తున్నాయో లేదో చూసిన తరవాతే క్లచ్ మీద చెయ్యి వెయ్యాలి. నా దృష్టిలో మరమ్మతులో సగం ఇదే.

ఇక విప్పడం. ఇంజన్ చల్లబడిన తరవాత బండిని సెంటర్ స్టాండు మీద చదును నేలపై నిలబెట్టి, బ్యాటరీ నెగెటివ్ తీగను ముందుగా ఊడదీయాలి. స్టార్టర్‌కు వెళ్లే లావు తీగకు ఫ్యూజు ఉండదు కనుక, పానా పొరపాటున దానికీ ఇంజన్‌కూ మధ్య తగిలితే నిప్పులు కురుస్తాయి. ఈ బండికి ఆయిల్ ట్యాంకు విడిగా ఉన్నా, నెలల తరబడి నిలిచి ఉన్న బండిలో ట్యాంకు ఆయిల్ మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగి ఉండవచ్చు. చిన్న పళ్లెం చాలదు, వెడల్పాటి తొట్టె పెట్టుకోవాలి. ఆల్టర్నేటర్ చుట్టలు కవర్ లోపలే బిగించి ఉంటాయి కాబట్టి ఊడిన కవర్‌ను తీగల మీద వేలాడనివ్వకుండా పక్కన పీట మీద ఆనించాలి. ప్యాకింగు పాతదైతే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకి దుమ్ము లేపకుండా తడిపి, అల్యూమినియం మీద గీతలు పడని పనిముట్టుతో తీయాలి.

కవర్ స్క్రూల విషయంలో చాలామంది బోల్తా పడతారు. జపాన్ బళ్ల ప్లస్ స్క్రూల గాడి మనం వాడే మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా అతకదు. బలంగా తిప్పితే కొన పైకి లేచి తల అరిగిపోతుంది. చాలా స్క్రూల తల మీద కనిపించే చిన్న చుక్క జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) గాడికి గుర్తు. ఆ కొన ఉన్న డ్రైవరూ, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరూ దగ్గర లేకుండా పని మొదలుపెట్టకపోవడం మంచిది.

రోటర్ బోల్టు ఊడదీయడానికి బండిని టాప్ గేరులో ఉంచి, ఒక మనిషి వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టాలి. గేరు పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చడం, రోటర్ అంచు కింద ఇనుప కడ్డీ పెట్టి ఎత్తడం, క్రాంక్ కొస మీద సుత్తితో బాదడం ఎంతమాత్రం చేయకూడదు. రోటర్ వాలు అమరిక మీద కూర్చుని ఉంటుంది. దాని మరకు సరిపోయే పుల్లర్ బోల్టు ఎక్కించి బిగిస్తూ పోతే ఒక్కసారిగా టప్‌మని వదులుతుంది. ఆ క్షణంలో రెండో చెయ్యి రోటర్ కింద ఉండాలి.

గేరును క్లచ్ నుంచి వేరు చేసేటప్పుడు దానిని తేలికగా తిరిగే వైపు తిప్పుతూ మెల్లగా లాగాలి, అదీ ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి. ఈ సంచి పద్ధతి నాకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి మూడో స్ప్రింగు టింగుమని ఎగిరి, టార్చి లైటు పట్టుకుని షెడ్డంతా గంటసేపు పాకిన తరవాత దుప్పటి మడతలో దొరికినప్పుడు తెలిసింది. వడ్లగింజ అంత లావున్న ఆ వస్తువు నేల రంగులో ఎంత తేలికగా కలిసిపోతుందో చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

హౌసింగును పట్టి ఉంచే మూడు స్క్రూల అంచులు ఊడిపోకుండా పంచ్‌తో కొట్టి ఉంటాయి. ఆ నొక్కును ముందుగా సన్నని డ్రిల్‌తో తొలగించి, కొద్దిగా వేడి చేసి, ఇంపాక్ట్ డ్రైవర్‌తో తిప్పాలి. ఒకదాని తల పోతే మధ్యలో నిదానంగా డ్రిల్ చేయవచ్చు గాని, రోటర్ మర చెడకుండా చూడాలి. ఈ స్క్రూలు వదులైనా క్లచ్ ఊగి జారుతుంది. ఒకటి ఊడి బయటపడితే లోపల చేసే విధ్వంసానికి హద్దు ఉండదు. తిరిగి బిగించేటప్పుడు కొత్తవి వేసి, మరలను జిడ్డు లేకుండా తుడిచి, లాకింగ్ జిగురు పూసి, అంచును మళ్లీ పంచ్‌తో నొక్కాలి. కడగడానికి కిరోసిన్ చాలు; తలుపులు మూసిన షెడ్డులో పెట్రోలు వాడకూడదు.

పాత స్ప్రింగులను సాగదీసి మళ్లీ వేయడం మెకానిక్ షాపుల్లో చూస్తూనే ఉంటాం. అది పది రోజులు పని చేస్తుంది, పదకొండో రోజు వర్షంలో ఆగిపోతుంది. రోలర్లు, ప్లంజర్లు, స్ప్రింగులు మూడేసి కలిపే మార్చాలి. గేరు బొడ్డును వేలి గోరుతో అడ్డంగా గీసి చూస్తే, గోరు తట్టుకునేంత గాడి ఉంటే కొత్త రోలర్లు వేసినా లాభం లేదు, గేరు కూడా మార్చవలసిందే. అమర్చేటప్పుడు గ్రీజు పూయకూడదు, అది చలికి గట్టిపడి ప్లంజర్లను పట్టేస్తుంది. ఇంజన్ ఆయిల్ రెండు చుక్కలు చాలు. రోటర్‌ను ఎక్కించక ముందే చేత్తో పట్టుకుని గేరు తిప్పి చూడాలి: ఒక వైపు సాఫీగా తిరగాలి, మరో వైపు కొద్దిగా కూడా జరగకుండా పట్టేయాలి. క్రాంక్ వాలు, రోటర్ లోపలి వాలు రెంటినీ పొడిగా తుడిచి, బోల్టును మాన్యువల్‌లో ఇచ్చిన బిగువుకు టార్క్ పానాతోనే బిగించాలి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు షెడ్డు తలుపు తెరిచి ఉంచాలి. బటన్‌ను ఐదు సెకన్లకు మించి నొక్కకుండా, అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఇంజన్ నడుస్తుండగా బటన్‌ను పొరపాటున కూడా ముట్టుకోకూడదు. ఈ బండికి కిక్ కూడా ఇచ్చారు కాబట్టి చలి ఉదయాల్లో ఇగ్నిషన్ వేయకుండా రెండు మూడు కిక్‌లు కొట్టి ఆయిల్‌ను కదిలించి, ఆ తరవాత బటన్ నొక్కితే కొత్త రోలర్ల మీద భారం తగ్గుతుంది.