డైనోసార్ల గురించి పిల్లలకి చెప్పాలా? కోటాసారస్‌తో మొదలెట్టండి

టీ రెక్స్‌తో స్టార్ట్ చెయ్యకండి, అది ఎక్కడో అమెరికాది, పైగా సినిమాల్లో చూసీ చూసీ అరిగిపోయింది. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్లి కోటాసారస్ అస్థిపంజరం ముందు నిలబెట్టండి, ఇది ఆకులు తినే డైనోసార్, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు పేరు పెట్టారు.

ముందు రోజే వీధిలో సుద్దముక్కతో 9 మీటర్లు గీయించండి, దీని పొడవు దాదాపు అంత, తొడ ఎముకే మీటరు పైన ఉంటుంది కాబట్టి అక్కడ పిల్లాడు తన ఎత్తుతో పోల్చుకుంటాడు (ముట్టుకోనివ్వకండి బాబూ).

అసలు మజా తల దగ్గరుంది. పుర్రె దొరకలేదు, ఊహించి పెట్టారు, ఒంటి ఎముకలు కూడా ఒక్క జంతువువి కావు, చాలావాటివి కలిపి నిలబెట్టారు. ఇది దాచకుండా చెప్పేయండి. "మరి ఆకులు తినేదని ఎలా తెలుసు?" అంటాడు పిల్లాడు, వెంటనే ఆన్సర్ ఇవ్వకుండా రెండు పళ్లు దొరికాయని మాత్రం చెప్పి వాణ్ణే గెస్ చెయ్యమనండి.