ఈ కైనేజ్ నిజంగా కణ విభజనను నడుపుతోందా? తేల్చుకోవడం ఎలా

"జీన్ తీసేశాం, కణాల ఆకారం చెడింది, కాబట్టి విభజనను నడిపేది ఈ కైనేజే." ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేను ఆగనివ్వను. కైనేజ్ అనే ఎంజైమ్ పని వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించడం ఒక్కటే కాదు, విభజన జరిగే చోట మిగతా ప్రోటీన్లను పట్టుకుని ఉండటం కూడా. జీన్ మొత్తం లేపేస్తే రెండూ పోతాయి. ఏది పోయినందుకు కణం పాడైందో చెప్పలేం.

మొదటిసారైతే న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా న్యూమోకాకస్‌తో మొదలుపెట్టండి. టీబీ బ్యాక్టీరియాలో సెరీన్, థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్ తగిలించే ఇలాంటి కైనేజ్‌లు 11 ఉన్నాయి. వాటిలో పీకేఎన్‌బీ అనేదాన్ని తీసేస్తే ఆ బ్యాక్టీరియా బతకదు, కైనేజ్ మోతాదు తగ్గించి చూడాలి. న్యూమోకాకస్‌లో ఉన్నది ఒక్కటే, ఎస్‌టీకేపీ. పైగా ఈ బ్యాక్టీరియా బయటి డీఎన్‌ఏను తనంతట తానే లోపలికి తీసుకుంటుంది కాబట్టి జీన్లు మార్చడం తేలిక. క్యాప్సూల్ (కణం బయటి చక్కెర పొర) లేని ఆర్6 స్ట్రెయిన్ చాలు.

మూడు మ్యూటెంట్లు (జీన్ మార్చిన స్ట్రెయిన్లు) చేయండి: జీన్ లేనిది, ఫాస్ఫేట్ ఇచ్చే ఏటీపీని పట్టుకునే లైసిన్ 42ని (ప్రోటీన్‌లో 42వ అమైనో ఆమ్లం) మార్చినది, కణం బయట ఉండే నాలుగు పాస్టా డొమైన్లు (ప్రోటీన్ భాగాలు) తీసేసినది. రెండోదానిలో ఫాస్ఫేట్ తగిలించే పని మాత్రమే పోతుంది, ప్రోటీన్ ఉంటుంది. మొదటిదాన్నీ రెండోదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అయితే ముందు వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్ ఎంతుందో చూపే పరీక్ష) చూడాల్సింది ఒకటుంది: లైసిన్ మార్చిన ప్రోటీన్ మామూలు కణంలో ఉన్నంత మోతాదులోనే ఉందా? లేకపోతే రెండో మ్యూటెంట్ కూడా సగం జీన్ తీసేసినదాని కిందే లెక్క.

మైక్రోస్కోపు దగ్గర టైమింగే ప్రాణం. కల్చర్ చురుగ్గా పెరుగుతున్నప్పుడే, ఓడీ (కల్చర్ ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) 0.2 నుంచి 0.3 మధ్యలో, శాంపిల్ తీయండి. రాత్రంతా వదిలేస్తే కుదరదు, పెరుగుదల ఆగాక న్యూమోకాకస్ తన గోడను తానే కరిగించుకుంటుంది. అప్పుడు కనిపించే వికారాలకు మీ మ్యూటేషన్‌తో సంబంధం ఉండదు. పొరకు ఎఫ్‌ఎం4-64 రంగు వేసి కణం పొడవు, అడ్డుగోడలు ఎన్ని, ఎక్కడ అన్నది కొలవండి. ఏ స్లైడ్ ఏ స్ట్రెయిన్‌దో కొలిచేవాళ్లకు తెలియకూడదు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ఫాస్ఫేట్ తగిలిన థ్రియోనిన్లను చూపే ఫాస్ఫోథ్రియోనిన్ బ్లాట్‌కైతే కణాలను నేరుగా, ప్రోటీన్లను విప్పేసే ఎస్‌డీఎస్ బఫర్‌లో మరిగించండి. ఆలస్యం చేస్తే పీహెచ్‌పీపీ అనే ఫాస్ఫటేజ్ ఫాస్ఫేట్లను ఊడదీసేస్తుంది. దాని జీన్ కూడా తీసి చూడాలనిపిస్తే జాగ్రత్త: అది ఎస్‌టీకేపీ జీన్‌కి సరిగ్గా ముందు, ఒకే ఆపెరాన్‌లో (కలిసి పనిచేసే జీన్ల వరుస) ఉంది. దాన్ని కదిపితే కైనేజ్ మోతాదూ మారొచ్చు, మళ్లీ బ్లాట్ చేయాల్సిందే.

చివరగా టార్గెట్ ప్రోటీన్. డివ్‌ఫోర్‌ఏ (DivIVA) అనే కణ విభజన ప్రోటీన్‌లో ఎస్‌టీకేపీ ఫాస్ఫేట్ తగిలించేది థ్రియోనిన్ 201కి. దాన్ని ఒక స్ట్రెయిన్‌లో అలనీన్‌గా (దీనికి ఫాస్ఫేట్ తగలదు), ఇంకోదానిలో గ్లుటమేట్‌గా (ఫాస్ఫేట్ ఉన్నట్టు కనిపించడానికి) మార్చండి. గ్లుటమేట్ పెడితే ఏమీ జరగలేదని టెన్షన్ పడొద్దు. అది ఫాస్ఫేట్‌కి పూర్తి బదులు కాదు, దాని విద్యుదావేశమూ ఆకారమూ వేరు. అలనీన్ స్ట్రెయిన్‌లో ఏం కనిపించిందో దానికే ఎక్కువ విలువ ఇవ్వండి, మామూలు డివ్‌ఫోర్‌ఏ జీన్‌ని తిరిగి పెడితే కణాలు బాగుపడ్డాయా అన్నది కూడా చూసుకోండి.