స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంది, ఫొటో మాత్రం చెదిరింది: సమస్యలు - పరిష్కారాలు

లెన్స్ పాడైందనుకుని చెన్నై రిచీ స్ట్రీట్ రిపేరు దుకాణాలకు బయల్దేరే ముందు ఆ ఫొటోను కంప్యూటర్‌లో 100 శాతం సైజుకు పెంచి చూడండి. దీపాలు, అంచులు ఫ్రేమంతా ఒకే దిక్కుకు సాగి ఉంటే కదిలింది కెమెరా. వెనకున్న దృశ్యం స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే కదిలింది మనిషి. మనిషి మసకగా ఉండి, ముందో వెనకో ఉన్నదేదో పదునుగా కనిపిస్తే ఫోకస్ తప్పింది. ఎక్కడా గీత లేకుండా ఫొటో మొత్తం పాలు కలిపినట్టుంటే లెన్స్ మీద చెమ్మ పట్టింది. ఏసీ కారులోంచి చెన్నై ఉక్కలోకి కెమెరా తీస్తే జరిగేది ఇదే. తుడిస్తే మళ్ళీ పడుతుంది, బ్యాగు మూసి అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

ఈ నాలుగింట్లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును దిద్దే ఏర్పాటు) సరిచేసేది మొదటిదాన్నే. కానన్ ఐఎస్, నికాన్ వీఆర్, సోనీ ఓఎస్ఎస్, టామ్రాన్ వీసీ అని పేర్లు వేరైనా పని ఒకటే: గైరో సెన్సర్ వణుకును కొలుస్తుంది, లెన్సులోని ఒక గాజు భాగం దానికి ఎదురు జరుగుతుంది. కెమెరా బాడీలోనే ఉండే ఐబిస్ అయితే లెన్స్ బదులు సెన్సరే జరుగుతుంది. ఈఐఎస్ అంటే ఎలక్ట్రానిక్ పద్ధతి, ఇందులో ఏ భాగమూ కదలదు. ఫ్రేము అంచులు కత్తిరించి, ఆ మిగులులో బొమ్మను సర్దుతుంది.

లెన్స్ వివరాల్లో 4 స్టాప్స్ అని రాశారు, అయినా షేక్ వస్తోంది

ఫుల్ ఫ్రేమ్‌లో 200 ఎంఎం లెన్స్‌ని చేత్తో పట్టుకుంటే షట్టర్ వేగం మామూలుగా 1/200 సెకను కావాలి, అంతకంటే చిన్నదైన 1.5 క్రాప్ సెన్సర్‌లో 1/300. ఒక్కో స్టాప్‌కి వేగం సగమవుతుంది కాబట్టి 4 స్టాప్స్ అంటే 1/200 నుంచి 1/100, 1/50, 1/25, చివరికి 1/13. ఆ అంకె సీఐపీఏ (కెమెరా కంపెనీల సంఘం) ప్రమాణం ప్రకారం పరీక్షించి ఇచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతున్న చేతులకు అది వర్తించదు. రెండు స్టాప్స్ మాత్రమే నమ్మి 1/50 దగ్గర ఆగడం మేలు. షట్టర్ సగం నొక్కి, వ్యూఫైండర్‌లో బొమ్మ కుదురుకునే దాకా ఒక సెకను ఆగండి. తర్వాత మూడు నాలుగు ఫ్రేములు వరుసగా తీయండి. వేలు నొక్కే కుదుపు మొదటి ఫ్రేములో పడుతుంది, మధ్యవి బాగుంటాయి.

బ్యాక్ బటన్ ఫోకస్ (షట్టర్‌తో కాకుండా వెనుక బటన్‌తో ఫోకస్ చేయడం) వాడేవాళ్ళు ఇంకోటి చూడాలి. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో ఆ వెనుక బటన్ (ఏఎఫ్-ఆన్) ఒక్కటే నొక్కితే వీఆర్ మొదలవదు, షట్టర్ కూడా సగం నొక్కాలి.

సభలో నృత్యం: తెర పదును, చేతులు మసక

మైలాపూర్ సభల్లో కూచిపూడి తీసేవాళ్ళకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. వీఆర్ ఉందన్న ధైర్యంతో 1/30కి దిగుతారు. కెమెరా నిలకడగానే ఉంటుంది, నర్తకి ఉండదు. జతులకు 1/500, అభినయానికి 1/200 పెట్టుకోండి. లెన్స్‌ని ఎఫ్2.8 దాకా బాగా తెరిచినా వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200, అవసరమైతే 6400. దానివల్ల వచ్చే నాయిస్‌ని (గింజల్లాంటి చుక్కలను) తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన ముద్రను ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా తిరిగి తేలేదు. వేగం తగ్గించక తప్పదంటే తీర్మానం (జతి ముగింపు) చివర నర్తకి నిలిచే క్షణం కోసం కాచుకోండి.

ట్రైపాడ్ మీద పెట్టినా వణుకు

రాత్రి నేపియర్ వంతెన దీపాలను 4 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీస్తే రెండేసి గీతలొచ్చాయంటే ముందు స్టెబిలైజేషన్ ఆపండి. పాత లెన్సులు తమ మోటారు అదురునే చేతి వణుకుగా పొరబడి, లేని కదలికను దిద్దబోతాయి. కొత్తవాటిలో చాలావరకు ట్రైపాడ్‌ని గుర్తుపడతాయి, కానీ సెకను దాటిన ఎక్స్‌పోజర్‌కి ఆపేయడమే నయం. మోనోపాడ్ (ఒంటికాలు స్టాండు) మీద ఆన్‌లోనే ఉంచండి.

ఆపినా తగ్గకపోతే గాలినో నేలనో అనుమానించాలి. మెరీనా గాలికి ట్రైపాడ్ నడిమి కడ్డీ (సెంటర్ కాలమ్) పైకి లేపొద్దు. కాళ్ళను ఇసుకలోకి గట్టిగా దిగేలా నొక్కి, 2 సెకన్ల టైమర్ వాడండి. బరువు కోసం బ్యాగు వేలాడదీస్తే దాని అడుగు నేలకు ఆనాలి, లేదంటే గాలికి ఊగి ట్రైపాడ్‌నే కుదుపుతుంది. టి. నగర్ స్కైవాక్ మీద జనం అడుగులకు నేలే అదురుతుంది. అక్కడ పొడవైన ఎక్స్‌పోజర్‌తో కుస్తీ పట్టకుండా ఐఎస్ఓ పెంచి చిన్నవి తీయండి.

పరుగెత్తే ఆటోతో పాటు కెమెరా తిప్పితే బొమ్మ గెంతుతోంది

కానన్‌లో మోడ్ 2కి మార్చండి, అడ్డంగా తిప్పే కదలికను వదిలేసి నిలువు వణుకునే దిద్దుతుంది. నికాన్ నార్మల్ మోడ్ ఇలా తిప్పడాన్ని (ప్యానింగ్‌ని) తనే పసిగడుతుంది. షట్టర్ 1/30 నుంచి 1/60.

ఐబిస్ ఉన్న బాడీకి పాత మాన్యువల్ లెన్స్

అడాప్టర్‌తో తగిలించిన లెన్స్ ఎన్ని ఎంఎం అన్నది కెమెరాకు తెలియదు. స్టెబిలైజేషన్ మెనూలో 50 అనో 135 అనో మీరే ఇవ్వండి. లెన్స్ మార్చి అంకె మార్చకపోతే సెన్సర్ ఎక్కువో తక్కువో జరిగి బొమ్మను ఇంకా చెడగొడుతుంది.

రాత్రి వీడియో నిలకడగా ఉంది, కానీ దీపాలు మెదులుతున్నాయి

ఈఐఎస్ ఫ్రేములను సర్దగలదు, ఒక్కో ఫ్రేములో అప్పటికే పడిన మసకను తీయలేదు. షట్టర్ 1/100కి పెంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50, 1/100 దగ్గర ట్యూబ్‌లైట్ల మినుకు కూడా పెద్దగా పడదు. వైడ్ లెన్స్‌తో నడుస్తూ తీస్తే ఐబిస్‌కి మూలలు సాగినట్టు ఊగుతాయి. దానికి గింబల్ (కెమెరాను నిలకడగా పట్టే మోటారు పిడి) వాడండి, లేదా నిలబడి తీయండి.

బైక్ మీద బిగించిన ఫోన్

కెమెరా తెరవగానే బొమ్మ తనంతట తానే వణుకుతుంటే, గరగర శబ్దం వస్తుంటే ఓఐఎస్ (ఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్) దెబ్బతిని ఉండొచ్చు. మోటార్‌సైకిల్ ఇంజన్ కంపనాలు ఐఫోన్ ఓఐఎస్‌ని పాడుచేయగలవని 2021లో ఆపిల్ సంస్థే హెచ్చరించింది. ముందు అయస్కాంతమున్న కవర్ తీసి చూడండి, అదీ ఇలాగే చేయొచ్చు. అయినా తగ్గకపోతే కెమెరా మాడ్యూల్ మార్చాల్సిందే, రీసెట్‌తో పోదు.

కెమెరా ఆపి ఊపితే లోపల కటకటలాడటం వేరే సంగతి. ఐబిస్ బాడీల్లో సెన్సర్ వదులుగా వేలాడుతుంది కాబట్టి ఆ చప్పుడు మామూలే. వీఆర్ పనిచేస్తుండగా లెన్స్ విప్పితే లెన్సులోనూ అలా మోగొచ్చు. తిరిగి తగిలించి కెమెరా ఆన్ చేస్తే సర్దుకుంటుంది.