బత్తాయి చెట్టు నీరసిస్తోందా? మందు కొనేముందు వేరు చూడండి

సమస్య

ఎరువులు వేశారు, నీళ్లకు లోటు లేదు. అయినా చెట్టు పైకొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వస్తోంది. చిగురు పలచబడింది, ఆకు పాలిపోయింది, కాయ సైజు ఏటేటా తగ్గుతోంది. ఇలాంటప్పుడు చాలామంది ఇంకో బస్తా యూరియా తెచ్చి వేస్తారు. దయచేసి ఆగండి. పీల్చే వేరు దెబ్బతింటే ఎంత వేసినా చెట్టుకు అందదు.

కారణం ఎలా తెలుస్తుంది?

కాండం మొదట్లో కాకుండా, కొమ్మల చివర్ల కింద తడి ఉన్నచోట జానెడు లోతు తవ్వండి. గుప్పెడు పీచు వేళ్లు తీసి బకెట్ నీళ్లలో నెమ్మదిగా ఆడించండి. మంచి వేరుకు మట్టి సులువుగా వదిలిపోతుంది. రెండు మూడుసార్లు కడిగినా ఇసుక రేణువులు అతుక్కునే ఉండి, వేరు మురికిగా, మామూలు కన్నా లావుగా కనిపిస్తే సిట్రస్ నులిపురుగును (నిమ్మజాతి వేళ్లను పట్టే, కంటికి ఆనని సన్నని పురుగు, ఇంగ్లిష్‌లో నెమటోడ్) అనుమానించాలి. ఆడపురుగు తల భాగాన్ని వేరులోకి దూర్చి, వెనక భాగాన్ని బయటే ఉంచి, జిగురులో గుడ్లు పెడుతుంది. మట్టి పట్టుకునేది ఆ జిగురుకే.

వేరు తోలు చేతికి ఊడొచ్చి లోపల దారం లాంటిది మిగిలితే అది ఎక్కువగా వేరుకుళ్లు. ముందు నీరు నిలవకుండా చూసుకోండి. జామ, దానిమ్మలో అయితే వేళ్ల మీద పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటాయి, అది వేరుబుడిపె నులిపురుగు.

అసలు సంగతి మట్టిలో ఉంది

నులిపురుగు అనగానే శత్రువు అనుకుంటాం. నిజానికి మట్టిలో బ్యాక్టీరియాను తినేవి, బూజును తినేవి, సాటి నులిపురుగులనే వేటాడేవి కూడా ఉంటాయి. మైక్రోస్కోపు కింద ఒక్క నీటిచుక్కలో అవి సన్నని గాజుదారాల్లా మెలికలు తిరుగుతుంటే చూసినవారికి మట్టి మీద గౌరవం పెరుగుతుంది. పచ్చి పేడ వేయగానే బ్యాక్టీరియాను తినేవి గబగబా పెరుగుతాయి. వేటాడేవి మాత్రం నెమ్మదిగా పెరిగే జాతులు, మాటిమాటికీ దున్నినా, మందులు పోసినా ముందు పోయేవి అవే. 1990లో బొంగెర్స్ అనే శాస్త్రవేత్త ఈ తేడా ఆధారంగానే నులిపురుగులకు 1 నుంచి 5 దాకా స్థాయిలిచ్చి, మట్టి ఎంత కుదురుకుందో లెక్కగట్టే సూచిక తయారుచేశారు.

అందుకే ల్యాబ్‌లో చెడ్డ పురుగు లెక్క ఒక్కటే అడగకండి, ఏ రకాలు ఎన్ని ఉన్నాయో కూడా అడగండి. వేరును తినేవే నిండిపోయి, వేటాడేవి కనిపించకపోతే రోగం చెట్టుది మాత్రమే కాదు, మట్టిది కూడా. శాంపిల్ కోసం నాలుగైదు చెట్ల కింద అర అడుగు నుంచి అడుగు లోతు మట్టి, పీచు వేళ్లతో సహా తీసి కలపండి. తడి ఆరకుండా పాలిథిన్ సంచిలో కట్టి, ఎండ తగలకుండా త్వరగా పంపండి. ఎండిన మట్టిలో లెక్క తప్పుతుంది. ఎక్కడికి పంపాలో దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే చెబుతారు. బత్తాయి రైతులు తిరుపతి నిమ్మజాతి పరిశోధన స్థానాన్ని కూడా సంప్రదించవచ్చు.

పరిష్కారం

బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా (మేలుచేసే బూజు పొడి) 2 కిలోలు కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి రెండు వారాలు ఉంచండి. తర్వాత పాదుల్లో వేసి పైపైన మట్టిలో కలపండి. ఒక్కసారితో సరిపెట్టకుండా ఏటా చేయాలి.

పాదును నెలనెలా తవ్వడం మానేయండి. నా దృష్టిలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, పైసా ఖర్చు లేదు. ఎండుటాకులు, గడ్డి మల్చింగ్‌గా పరిస్తే తడి నిలుస్తుంది, మేలుచేసే పురుగులకు తిండి దొరుకుతుంది. జామ, దానిమ్మలో బంతి అంతరపంటగా పనికొస్తుంది. వంగ, టమాటా, బెండ మాత్రం వద్దు, వాటి మీదే వేరుబుడిపె పురుగు పెరుగుతుంది. గుళికల మందు తప్పదనుకుంటే ల్యాబ్ రిపోర్టు చూపించి, ఆ పంటకు అనుమతి ఉన్నదే వాడండి.

కొత్త మొక్కలు కొనేటప్పుడు నర్సరీలో ఒక కవరు చించి వేరు చూపించమనండి. తోటలోకి పురుగు ఎక్కువగా వచ్చేది ఆ మట్టితోనే.

శాంపిల్ తీసిన చెట్లకు రంగు గుర్తు పెట్టండి. వచ్చే ఏడాది అదే నెలలో, అవే చెట్ల కింద మళ్లీ మట్టి తీసి పంపండి.