పాత జీన్స్ మీద క్రాస్ స్టిచ్: కుట్టిన చోట గుడ్డ ముడుచుకుపోతోందా?

ముందు ఇది చెప్పండి, కుట్టేముందు ఉతికారా? సెకండ్ హ్యాండ్ బట్టే కదా, కుంచించుకుపోయేదేదో ఎప్పుడో అయిపోయి ఉంటుందిలే అని సగం మంది ఉతకరు. వాడి వాడి సాగిన గుడ్డ నీళ్లు తగిలాకే అసలు కొలతకి వస్తుంది.

తెల్ల దారం నీలంగా మారిందా: దారం కంపెనీని తిట్టకండి, రంగు వదిలింది జీన్సే. తడిపిన తెల్లగుడ్డతో లోపలి వైపు గట్టిగా రుద్ది చూస్తే ముందే తెలిసేది. రంగు వదిలే బట్టకి ముదురు దారాలే వాడండి.

కాన్వాస్ (గళ్ల కోసం జీన్స్ మీద వేసి, కుట్టాక దారాలు లాగేసే గుడ్డ) దారాలు ఊడి రావట్లేదా: సూది కాన్వాస్ గళ్లలో దిగకుండా దాని దారాన్నే పొడిచింది. తడిపి, ఇరుక్కున్న కాన్వాస్ దారాన్ని కత్తిరించి ప్లక్కర్‌తో పక్కకి లాగండి, పైకి కాదు.

ఇక ఉతికి కుట్టినా, రింగు తీయగానే డిజైన్ చుట్టూ ముడతలు. దారం బిగించి లాగానేమో అని విప్పి వదులుగా కుడతారు, మళ్లీ అదే. నన్ను బాగా ఏడిపించింది ఇదే, కారణం లైక్రా, అంటే గుడ్డలో కలిపే సాగే దారం. నూటికి ఒకటి రెండు పాళ్లున్నా చాలు. పాత బట్టకి లేబుల్ ఉండదు, ఉన్నా అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, చేతికేమో మామూలు మందపాటి జీన్స్‌లాగే తగులుతుంది. రింగులో బిగించినప్పుడు సాగుతుంది, సాగిన గుడ్డ మీద మీరు కుడతారు, రింగు తీశాక గుడ్డ వెనక్కి వెళ్తుంది కానీ కుట్టు వెళ్లదు. అందుకే కొన్న రోజే అడ్డంగా నాలుగంగుళాలు పట్టుకుని లాగండి. సాగి టక్కున వెనక్కి వచ్చిందా, లైక్రా ఉన్నట్టే. నిలువుగా లాగి ఏం లేదులే అనుకోవద్దు, స్ట్రెచ్ జీన్స్ ఎక్కువగా అడ్డంగానే సాగుతాయి.

అలాంటి బట్టకి వెనక, ఇస్త్రీ పెడితే అతుక్కునే సాగని ఫ్యూజింగ్ గుడ్డ వేయండి. డిజైన్ కంటే అన్ని వైపులా అంగుళం ఎక్కువ ఉండాలి. ఇస్త్రీపెట్టెని జరపకుండా అదిమి పట్టుకోండి, మరీ వేడి వద్దు, లైక్రా పాడవుతుంది. తర్వాత జీన్స్ పై వైపు కాన్వాస్‌ని నాలుగు వైపులా, మధ్యలో కూడా టాకాలు వేసుకుని, వీలైతే రింగు లేకుండానే కుట్టండి.

ఇప్పటికే ముడతలు పడిపోతే, తువ్వాలు మీద బోర్లా వేసి ఆవిరి ఇస్త్రీ పెట్టి చూడండి. కొంచెం ముడతైతే తగ్గుతుంది. తగ్గలేదా, వెనక నుంచి దారాలు కత్తిరించి తీసేయడమే.

పురుగు కొట్టిన గుడ్డ, చివికిన దారం లాంటివి ఎప్పుడో గానీ తగలవు, వాటి గురించి టెన్షన్ పడకండి.