రామప్ప, ఓరుగల్లు కోట: గుంపుగా బయల్దేరే ముందు

చలికాలం మొదలైతే హన్మకొండలో బండ్లు మాట్లాడుకునే హడావుడే. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

మేడారం జాతర తేదీలు. రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, జనమంతా ములుగు రోడ్డు మీదే. ఆ వారంలో రామప్ప పెట్టుకుంటే గుడి కాదు, ముందున్న బస్సు వెనక అద్దం చూసి రావాలి.

రామప్పకే పొద్దున వెళ్లండి. గుడి ఉన్న పాలంపేట హన్మకొండ నుంచి 60 కిలోమీటర్ల పైనే. పైగా చెప్పులు విప్పి తిరగాలి. మధ్యాహ్నం రాయి కాలుతుంటే తలెత్తి మదనికలను, అంటే గుడి చూరు కింది స్త్రీ శిల్పాలను చూసేదెవరు? ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక మాత్రం హాయిగా నిలబడి ఉంటుంది.

గైడ్‌ను మాట్లాడుకోండి. 1213 నాటి ఆ గుడి కింద ఇసుక పునాది, పైన నీళ్లలో తేలే ఇటుకలు. చెబితే తప్ప తెలియవు.

కోటలో ‘తోరణం దగ్గర కలుద్దాం’ అనకండి. ఆ రాతి ద్వారాలు నాలుగున్నాయి, నాలుగూ ఒకేలా ఉంటాయి. మావాళ్లు రెండు తోరణాల కింద నిలబడి అరగంట ఫోన్లు చేసుకున్నారు. కోటలోని పాత భవనం ఖుష్ మహల్ అనండి, అది ఒక్కటే.

వేయిస్తంభాల గుడి ఊళ్లోనే కదా, టెన్షన్ లేదు. సాయంత్రానికి ఉంచుకోండి.